మచ్చల సూర్యుడు, ధాత కరువు, ఒక పట్టిక

కాలంతో పాటు మారే అంకెలను వరుసగా పేర్చితే దానిని కాలశ్రేణి అంటారు. నెలనెలా కురిసిన వాన, ఏటేటా ధాన్యపు ధర, పదేండ్లకొకసారి లెక్కించిన జనాభా, ఇవన్నీ కాలశ్రేణులే. వీటిని రేఖాచిత్రాలుగా మలిచే సాఫ్ట్‌వేర్లు నేడు కొల్లలు. దస్త్రాన్ని దిగుమతి చేసిన మరుక్షణం గీత తెరమీద ప్రత్యక్షమవుతుంది. ఆ దస్త్రాన్ని సిద్ధం చేయడానికి మాత్రం రోజులు పడుతుంది. చాలామంది దానిని గుమాస్తా పనిగా తలచి విసుక్కుంటారు. చరిత్రను పరికిస్తే అసలు తీర్పు ఆ గుమాస్తా పనిలోనే జరిగిపోతుందనీ, గీత ఆ తీర్పును చదివి వినిపించే బంట్రోతు మాత్రమేననీ తెలుస్తుంది. ఇందుకు మన తెలుగునేల కన్నీటితో తడిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. అది సూర్యబింబపు మచ్చలకూ చెన్నపట్నపు వానలకూ ముడివేసిన కథ.

కాలాన్ని అడ్డగీత మీద నడిపించి, దానిపైన అంకెలను ఎత్తుపల్లాలుగా చూపే పద్ధతిని 1786లో విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు దేశీయుడు తన వాణిజ్య పటాల గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన గీసినవి ఎగుమతులు, దిగుమతులు. ఆ తరువాతి శతాబ్దంలో ఆ గీత ఆకాశానికి ఎగబాకింది.

జర్మనీలోని డెస్సావు పట్టణంలో హైన్‌రిష్ ష్వాబే అనే ఔషధ వర్తకుడు ఉండేవాడు. బుధగ్రహానికి లోపల మరొక గ్రహం ఉన్నదేమో, అది సూర్యబింబం మీదుగా దాటిపోతుండగా పట్టుకోవాలని ఆయన ఆశ. అందుకని 1826 నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ దూరదర్శినితో సూర్యుని చూసి, కనబడిన మచ్చలను లెక్క వ్రాసుకున్నాడు. వెతికిన గ్రహం దొరకలేదు. పదిహేడేండ్ల లెక్కలు ముందు పెట్టుకొని చూస్తే మచ్చలు సుమారు పదేండ్లకొకసారి పెరిగి తరుగుతున్నట్లు తోచింది. ఆయన 1843లో వ్రాసిన చిన్న వ్యాసాన్ని మొదట ఎవరూ పట్టించుకోలేదు. హంబోల్ట్ పండితుడు తన విశ్వవర్ణన గ్రంథంలో ఆ పట్టికను చేర్చిన తరువాతనే లోకానికి తెలిసివచ్చింది.

ఆ పట్టికను కాలశ్రేణిగా మలిచినవాడు స్విట్జర్లండులోని రుడాల్ఫ్ వోల్ఫ్. ఆయనకు ఎదురైన చిక్కు నేడు దస్త్రం తయారుచేసే ప్రతివారికీ ఎదురయ్యేదే. ఒకరి దూరదర్శిని పెద్దది, మరొకరిది చిన్నది. ఒకరు చిన్న చుక్కను కూడా లెక్కిస్తారు, మరొకరు వదిలేస్తారు. ఇన్ని కళ్ళు చూసినదానిని ఒకే వరుసలో నిలబెట్టడం ఎట్లా? వోల్ఫ్ ఒక సూత్రం కల్పించాడు. మచ్చల గుంపులను పదితో హెచ్చవేసి, విడి మచ్చల సంఖ్యను దానికి కలిపి, ఆ మొత్తాన్ని పరిశీలకుని బట్టి మారే ఒక గుణకంతో హెచ్చవేయాలి. తన గుణకం ఒకటి. తన తరువాత జూరిక్‌లో పనిచేసిన వోల్ఫర్ చిన్న మచ్చలనూ లెక్కించేవాడు కనుక ఆయన గుణకం 0.6. ఈ కొలబద్దతో పాత గ్రంథాలనూ దినచర్యలనూ గాలించి, నెలసరి లెక్కను 1749 దాకా, సాలుసరి లెక్కను 1700 దాకా వెనక్కు నడిపించాడు. చూపుకందని రోజులను పూరించడానికి అయస్కాంతపు సూది కదలికల లెక్కలను కూడా సాయం తీసుకున్నాడు. కొలమానాలు ఏకం చేయడం, ఖాళీలు పూరించడం, వేర్వేరు మూలాలను అతకడం అనే మూడు పనులూ కంప్యూటరు పుట్టక పూర్వమే ఆయన చేతిమీదుగా జరిగాయి.

ఇక మన వైపు చూద్దాం. 1876లో వానలు మొగం చాటేశాయి. తెలుగు లెక్కన అది ధాత నామ సంవత్సరం. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు సీమలు అల్లాడిపోయాయి. దానిని మన పెద్దలు ధాత కరువు అన్నారు. 1876 నుంచి 1878 వరకు సాగిన ఆ క్షామంలో దక్కను, దక్షిణ దేశాలలో మరణించినవారు 56 లక్షలని కొందరూ, 96 లక్షల దాకా అని మరికొందరూ అంచనా కట్టారు. కరువు పనులలో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించడం, అది చాలదని వైద్యులు మొత్తుకోవడం ఆనాటి చరిత్రలో మాయని మచ్చ. చెన్నపట్నంలో అడయారు, కూవం నదుల మధ్య బకింగ్‌హామ్ కాలువను కలిపిన తవ్వకం అటువంటి కరువు పనియే.

ఆ క్షామం నడుస్తూ ఉండగానే, 1877లో, భారత ప్రభుత్వ గణాంక శాఖాధిపతి విలియం విల్సన్ హంటర్ దక్షిణ భారతపు అనావృష్టి, క్షామాల ఆవర్తనం గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. 1813 నుంచి 1876 దాకా చెన్నపట్నంలో నమోదైన వర్షపాతాన్ని తీసుకొని, పదకొండేండ్ల సౌరచక్రంతో జతచేసి, మచ్చలు తగ్గిన ఏండ్లలో వానలు తగ్గుతాయని వాదించాడు. అదే ఏడాది నవంబరులో నార్మన్ లాకియర్‌తో కలిసి ఒక ఆంగ్ల మాసపత్రికలో ఇదే వాదాన్ని మరింత బలంగా వినిపించాడు. ఈ లాకియర్ సామాన్యుడు కాడు. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మన గుంటూరు నుంచి జాన్సెన్ పరిశీలించిన సంవత్సరంలోనే, లండనులో ఉంటూ సూర్యకాంతిలో హీలియం జాడ పట్టినవారిలో ఒకడు.

ఇక్కడ పణంగా ఉన్నది ఏమిటో గమనించాలి. కరువు సూర్యుని వలన వచ్చినదైతే దానిని ముందుగా పసిగట్టి, ధాన్యం నిలవచేసి ప్రాణాలు కాపాడవచ్చు. అది సదాశయమే. కాని అదే వాదం మరొక వైపు కూడా కోస్తుంది. తప్పు సూర్యునిదైతే ఎగుమతులు ఆపని ప్రభుత్వానిదీ, కూలి తగ్గించిన అధికారిదీ తప్పు కాకుండా పోతుంది. లక్షల ప్రాణాలకు జవాబుదారీ ఎవరన్న ప్రశ్న ఒక పట్టికలోని నిలువు వరుసల మీద ఆధారపడింది.

హంటర్ పట్టిక తయారైన విధానం చూడండి. అరవైనాలుగేండ్ల వానను పదకొండు గళ్ళుగా మడిచాడు. అంటే చక్రంలో మొదటి ఏడు అయినవన్నీ ఒక గడిలో, రెండవ ఏడు అయినవన్నీ మరొక గడిలో వేసి సగటు తీయడం. అరవైనాలుగును పదకొండుతో భాగిస్తే తొమ్మిది గళ్ళకు ఆరేసి ఏండ్లు, రెండు గళ్ళకు అయిదేసి ఏండ్లు వస్తాయి. ఆరు అంకెల సగటులో ఏదో ఒక ఏట తుఫాను వచ్చి ముప్ఫై అంగుళాలు అదనంగా కురిస్తే, ఆ గడి సగటు అయిదు అంగుళాలు పెరిగిపోతుంది. చూపరికి అది సూర్యుని ప్రభావంగా కనబడుతుంది. నిజానికి అది ఒక్క తుఫాను ప్రభావం.

ఈ లొసుగును పట్టుకున్నవాడు సర్ రిచర్డ్ స్ట్రాచీ. అదే 1877లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఆయన వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఒక అంకెల శ్రేణికి నిజంగా ఆవర్తన గుణం ఉన్నదో లేదో తేల్చే గీటురాయి ఏది? చక్రం నిజమైతే, ప్రతి ఏటి వానా ఆయా గడి సగటుకు దగ్గరగా ఉండాలి; మొత్తం సగటుకు దూరంగా ఉండాలి. లెక్క వేసి చూస్తే రెండు దూరాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. అంటే మడత వేయడం వలన తెలిసివచ్చినది దాదాపు ఏమీ లేదు. ఈ పరీక్షను నేడు ఎవరైనా ఇంట్లో కూర్చొని చేయవచ్చు. అరవైనాలుగేండ్ల వానను చీట్లమీద వ్రాసి, కలిపి, తోచిన వరుసలో పరిచి మళ్ళీ పదకొండు గళ్ళలో వేయండి. అప్పుడు కూడా ఒక గడి ఎక్కువ, ఒక గడి తక్కువ చూపుతుంది. మడిచే పద్ధతిలోనే ఎత్తుపల్లాలు పుడతాయి.

ఈ స్ట్రాచీయే ఆ తరువాత క్షామ విచారణ సంఘానికి అధ్యక్షుడై 1880లో నివేదిక ఇచ్చాడు. కరువులో ముందుగా పోయేది కూలివాని పని అనీ, పని కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిదేననీ ఆ నివేదిక గుర్తించింది. దానినుంచే 1883లో క్షామ నియమావళి పుట్టింది. ఆ పాలన దయగలదని చెప్పడం నా ఉద్దేశం కాదు. సూర్యుని మీదకు నెట్టివేయబోయిన భారం తిరిగి భూమికి దిగివచ్చిందన్నదే చెప్పదగిన మాట.

ఆ కాలంలోనే ఇంగ్లండులో స్టాన్లీ జెవన్స్ అనే అర్థశాస్త్రవేత్త వర్తక సంక్షోభాలకు కూడా సూర్యుడే కారణమన్నాడు. 1875లో సౌరచక్రం 11.11 ఏండ్లని అనుకొని ధాన్యపు ధరలను దానికి అతికించాడు. తరువాత ఇతరులు ఆ చక్రం 10.45 ఏండ్లే అనగా, 1878లో సంక్షోభాల మధ్య దూరం కూడా సరిగ్గా అంతే వస్తున్నదని సంతోషించాడు. ఆ లెక్క కుదరడం కోసం, సంక్షోభమని గట్టిగా చెప్పలేని ఏండ్లను సైతం జాబితాలో చేర్చాడు. జెవన్స్ మహామేధావి, ఆయనకు మోసబుద్ధి లేదు. కోరుకున్న బొమ్మ మనసులో ముందే ఉంటే దస్త్రం దానికి తగినట్లు వంగుతుందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్ మచ్చలకూ వానలకూ గల సహసంబంధాన్ని ఓపికగా లెక్కించి, అది బహు స్వల్పమని తేల్చాడు. అదే ఓపికతో ప్రపంచంలోని అనేక స్థలాల పీడనపు లెక్కలను పోల్చి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య ఊగిసలాడే పీడనాన్ని కనిపెట్టి, 1924లో దానికి దక్షిణ డోలనమని పేరుపెట్టాడు. ధాత కరువుకు తోడ్పడినది 1877–78నాటి తీవ్రమైన ఎల్ నీన్యో అని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం. అప్పటి హిందూ మహాసముద్రపు, అట్లాంటిక్ సముద్రపు అసాధారణ వేడి కూడా దానికి జతపడిందని 2018లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. సూర్యుని పరిశీలన కూడా వృథా కాలేదు. ఆ క్షామం తరువాత రేగిన ఆలోచనల ఫలితంగా కొడైకనాలులో సౌర వేధశాల వెలిసింది. 1904 నుంచి అక్కడ సూర్యబింబపు ఛాయాచిత్రాలు తీస్తూ వచ్చారు. ప్రశ్న తప్పయినా, దాచిన లెక్క నిలిచింది.

ఇప్పుడు ఈ రెండు శ్రేణులనూ మీరే ఒక చిత్రంగా గీయదలిచారనుకోండి. చరిత్ర నేర్పిన జాగ్రత్తలు ఒక్కొక్కటే పని మధ్యలో ఎదురవుతాయి.

సూర్యుని లెక్కలను 1981 నుంచి బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని రాజకీయ వేధశాల భద్రపరుస్తున్నది. నెలసరి దస్త్రంలో మొదటి పంక్తి 1749 జనవరిది. అందులో వరుసగా సంవత్సరం, నెల, 1749.042 అనే దశాంశ సంవత్సరం, 96.7 అనే మచ్చల సంఖ్య, ఆపైన -1 అనే గుర్తు రెండుసార్లు, చివర 1 ఉంటాయి. 1749.042 అంటే జనవరి నడిమి భాగం. పన్నెండవ వంతులో సగం అది. -1 అంటే ఒకటికి తక్కువ అని కాదు, ఆ వివరం లభ్యం కాదని. దానిని అట్లాగే దిగుమతి చేస్తే గీత సున్న కిందికి దిగి వెక్కిరిస్తుంది. ముందుగా ఆ గుర్తులను తీసి గడిని ఖాళీగా ఉంచాలి. అక్కడ సున్న వేయడం అంతకంటె పెద్ద నేరం. సూర్యునికి మచ్చలు లేని రోజు నిజంగా ఉన్నది, దాని విలువ సున్న. మబ్బు పట్టి చూడలేని రోజు కూడా ఉన్నది, దాని విలువ లేదు. సున్న ఒక జవాబు; ఖాళీ అంటే జవాబు లేకపోవడం. వానకొలత పుస్తకంలోనూ ఇదే భేదం. వాన పడని రోజు వేరు, కొలిచేవాడు రాని రోజు వేరు.

పాత గ్రంథాలలో అదే 1749 జనవరికి 58.0 అని ఉంటుంది. రెంటిలో ఒకటి తప్పని తొందరపడకూడదు. 2015 జూలైలో ఈ శ్రేణిని సంస్కరించి రెండవ పాఠంగా ప్రకటించినప్పుడు, వోల్ఫర్ లెక్కనే ప్రమాణంగా తీసుకొని ఆ పాత 0.6 గుణకాన్ని తొలగించారు. 58ని 0.6తో భాగించి చూడండి, 96.7 వస్తుంది. తాళపత్రాలకు పాఠభేదాలు ఉన్నట్లే దస్త్రాలకూ ఉంటాయి. ఒక ప్రతిలో సగం, మరొక ప్రతిలో సగం అతికిస్తే అతికినచోట సూర్యుడు హఠాత్తుగా ఉగ్రరూపం దాల్చినట్లు గీత చూపుతుంది. ఏ పాఠాన్ని తీసుకున్నామో, ఏ తేదీన దించుకున్నామో ఒక కాగితంమీదనైనా వ్రాసి దాచుకోవాలి.

ఆ దస్త్రంలో గళ్ళను విడదీసేది అర్ధబిందువు, కామా కాదు. మన కంప్యూటర్లు కామాకోసం ఎదురుచూస్తాయి కనుక అంతా ఒకే గడిలో ముద్దగా పడుతుంది. దిగుమతి చేసేటప్పుడే విభజన చిహ్నం ఏదో చెప్పాలి. మన సొంత దస్త్రాలలో దీనికి విలోమమైన చిక్కు ఉన్నది. లక్షలు, కోట్లు విడదీయడానికి 1,00,000 అని కామాలు పెడతాము. కామాతో విడదీసిన దస్త్రంలో ఆ ఒక్క సంఖ్య మూడు గళ్ళుగా చీలిపోతుంది. అంకెల మధ్య కామాలు తీసివేయడం మొదటి సంస్కారం. తెలుగు అంకెలు వ్రాసే అభిరుచి గల మిత్రులకు మరొక మాట. ౧౮౭౬ అని వ్రాస్తే కంటికి ఇంపే కాని, చాలా సాఫ్ట్‌వేర్లు దానిని అక్షరాల కింద జమకడతాయి. శీర్షికలు తెలుగులో ఉండవచ్చు, దస్త్రాన్ని యూటీఎఫ్-8లో భద్రపరిస్తే అవి చెక్కుచెదరవు. అంకెలు మాత్రం యంత్రానికి తెలిసినవే వాడాలి.

అన్నిటికంటె పెద్ద గండం తేదీలది. ఎక్సెల్ కాలగణన 1900 జనవరి 1తో మొదలవుతుంది. అంతకు మునుపటి తేదీ దానికి తేదీ కాదు, ఉత్త మాట. కనుక హంటర్ వానలన్నీ ఉత్త మాటలుగా మిగులుతాయి; నేటిదాకా సాగే మచ్చల శ్రేణి కొంత మాటలుగా, కొంత తేదీలుగా చీలి, వరుస తారుమారవుతుంది. పైగా 1900 లీపు సంవత్సరం కాకపోయినా, ఎక్సెల్ ఆ ఏటి ఫిబ్రవరికి 29వ రోజును ఒప్పుకుంటుంది. అంతకు ముందున్న లోటస్ 1-2-3తో పొత్తు కుదరడానికి ఆ పొరపాటును తెలిసే ఉంచారు. లిబ్రేఆఫీస్ పాత తేదీలను అంగీకరిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా నిశ్చింతగా ఉండాలంటే సంవత్సరాన్నీ నెలనూ వేర్వేరు గళ్ళలో ఉంచడమో, 1877-11-01 అన్నట్లు పెద్దదానినుంచి చిన్నదానికి వ్రాయడమో మేలు. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పినది ఈ వరుసే. అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమం చెడకపోవడం దాని గొప్ప.

మన సంవత్సర నామాల సంగతి కూడా ఆలోచించదగినది. ధాత అని మాత్రమే వ్రాస్తే అది 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కావచ్చు. అరవై ఏండ్ల చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే మన శాసనకర్తలు సంవత్సర నామంతోపాటు శకవర్షాన్ని కూడా చెక్కించారు. రెండు అంకెలతో సంవత్సరం వ్రాసి 2000 సంవత్సరపు గండం తెచ్చుకున్న కంప్యూటరు నిపుణులకంటె వారే దూరదృష్టి గలవారు. అదీగాక ధాత జనవరిలో మొదలు కాదు, ఉగాదితో మొదలవుతుంది. కనుక ధాత సంవత్సరపు వానను 1876 వానగా నేరుగా దించితే మూడు నెలలు జరిగిపోతాయి.

వానకు స్థలం కూడా ముఖ్యం. చెన్నపట్నపు వానలో పెద్దభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనం తెచ్చేది. కర్నూలు, బళ్ళారి రైతులు ఎదురుచూసేది ప్రధానంగా నైరుతిని. ఒక్క చెన్నపట్నపు గడిని రాజధాని అంతటికీ ప్రతినిధిగా నిలిపినప్పుడే హంటర్ దస్త్రం సీమ రైతుకు అన్యాయం చేసింది. కనుక మన దస్త్రంలో స్థలానికి ఒక గడి, కాలానికి ఒక గడి, కొలతకు ఒక గడి విడివిడిగా ఉండాలి. పాత పుస్తకాలలో నెలలు అడ్డంగా పన్నెండు గళ్ళలో ఉంటాయి. వాటిని నిలువుగా మార్చి, ఒక్కొక్క నెలకు ఒక్కొక్క పంక్తి ఇవ్వాలి. హన్స్ రోస్లింగ్ 2006లో ప్రపంచాన్ని అబ్బురపరచిన కదిలే బుడగల చిత్రాల సాఫ్ట్‌వేరును 2007లో గూగుల్ కొన్నది. ఆ తరువాత అందరికీ అందుబాటులోకి తెచ్చిన మోషన్ చార్ట్ కోరినది కూడా ఇదే: మొదటి గడిలో పేరు, రెండవ గడిలో కాలం, ఆపైన అంకెలు. ఫ్లాష్ మీద ఆధారపడిన ఆ పరికరానికి, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కే కాలం చెల్లడంతో నూకలు చెల్లాయి. క్రమంగా పేర్చిన సాదా దస్త్రాలు మాత్రం నేటికీ ఏ కొత్త సాఫ్ట్‌వేరులోనైనా ఇముడుతున్నాయి. బొమ్మ గీసే యంత్రం పోయినా పట్టిక పోదు.

చివరగా కొలమానం. పాత వానలు అంగుళాలలో, కొత్తవి మిల్లీమీటర్లలో ఉంటాయి. అంగుళానికి 25.4 చొప్పున మార్చాలి. మార్చిన అంకెను మూలం మీద దిద్దకుండా పక్క గడిలో వ్రాయాలి. మూలప్రతిని ఎన్నడూ తాకకూడదన్నది తాళపత్రాలు పరిష్కరించిన పండితుల నియమం. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి తరం పాటించిన ఆ నియమం దస్త్రాలకూ వర్తిస్తుంది.

హంటర్ పుస్తకాన్ని నేడు ఎవరూ నమ్మరు. ఆయన వాడిన చెన్నపట్నపు వానలెక్క మాత్రం విలువ కోల్పోలేదు. అందులో 1876 ఎదుట ఉన్న అంకె చిన్నది. దాని పక్కన చనిపోయినవారి గడి లేదు, కూలి తగ్గించిన ఉత్తర్వు గడి లేదు, రేవు దాటిన ధాన్యపు గడి లేదు. సూర్యుని గడిని తెచ్చి పక్కన పెట్టినవాడు వీటిలో దేనినైనా తెచ్చి పెట్టవచ్చు. ఏ గడిని తెచ్చామో, దేనిని వదిలామో అదే మన చరిత్ర. మీ ఊరి తాలూకా కచేరీలోనో, పాత జిల్లా గెజిటీరులోనో వానలెక్కలు దొరికితే బొమ్మకోసం తొందరపడక ముందు వాటిని ఉన్నవి ఉన్నట్లు ఎత్తి వ్రాయండి. ఖాళీలను ఖాళీలుగానే ఉంచండి. ధరలూ కూలిరేట్లూ మరణాలూ కనబడితే పక్క గళ్ళలో చేర్చండి. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, మనకు తోచని ప్రశ్నను ఆ పట్టికను అడుగుతారు.